సంతానలేమికి ఆక్యుపంక్చర్, చైనా సంప్రదాయ వైద్యం

ఆక్యుపంక్చర్ సూదులు, మూలికా కషాయాలు, మూలికల సెగ, ఆహార నియమాలు అన్నీ కలిసిన వ్యవస్థే చైనా సంప్రదాయ వైద్యం. సంతానలేమికి చికిత్స చేయడం ఈ వైద్యంలో మొదటినుంచీ ముఖ్యమైన భాగం. ఇరవయ్యో శతాబ్దం చివరికి ఇది చైనా ఎల్లలు దాటి యూరప్, అమెరికా, ఆస్ట్రేలియాల ఐవీఎఫ్ (శరీరం వెలుపల అండాన్ని ఫలదీకరించే చికిత్స) కేంద్రాలకు చేరింది. ఇప్పుడు చాలామంది దంపతులు ఆధునిక చికిత్సతో పాటు దీన్నీ తోడు తీసుకుంటున్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం వయోజనుల్లో దాదాపు 17.5 శాతం మంది, అంటే ఆరుగురిలో ఒకరు, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటారు. ఇంతమంది ఆశలు ముడిపడి ఉన్న వైద్యం కాబట్టి దాని చరిత్ర, సిద్ధాంతం, రుజువులు మూడింటినీ విడివిడిగా తెలుసుకోవడం అవసరం. స్త్రీ శరీరాన్ని, నెలసరిని ఈ సంప్రదాయం ఎంతో శ్రద్ధగా గమనించింది. అయితే సూదుల వల్ల పిల్లలు పుట్టే అవకాశం పెరుగుతుందని ఇంతవరకు జరిగిన పెద్ద పరీక్షల్లో రుజువు కాలేదు.

చరిత్ర

చైనాలోని హునాన్ రాష్ట్రంలో, చాంగ్‌షా నగరం దగ్గర మావాంగ్‌దుయ్ అనే చోట 1970ల మొదట్లో ప్రాచీన సమాధులను తవ్వారు. క్రీ.పూ. 168లో మూసిన ఒక సమాధిలో వైద్య గ్రంథాలు దొరికాయి. వాటిలో ‘తాయ్ చాన్ షు’ అనే రచన గర్భంలో శిశువు నెలనెలా ఎలా రూపుదిద్దుకుంటుందో, గర్భిణి ఎలాంటి జాగ్రత్తలు పాటించాలో చెబుతుంది. అదే సమాధిలో దొరికిన నాడీమార్గాల రాతల్లో సెగ చికిత్స ఉంది గాని సూదుల ప్రసక్తి లేదు. దీన్ని బట్టి శరీరంలో మార్గాలున్నాయన్న ఊహ ముందు పుట్టిందనీ, సూదుల పద్ధతి తర్వాత స్థిరపడిందనీ చాలామంది చరిత్రకారులు భావిస్తున్నారు.

చైనా వైద్యానికి మూలగ్రంథం ‘హ్వాంగ్ దీ నెయ్ జింగ్’. ఇది క్రీ.పూ. మొదటి శతాబ్దం ప్రాంతంలో రూపుదిద్దుకుంది. స్త్రీ జీవితాన్ని ఏడేసి సంవత్సరాల దశలుగా, పురుషుడి జీవితాన్ని ఎనిమిదేసి సంవత్సరాల దశలుగా విభజించి దీని మొదటి అధ్యాయం వివరిస్తుంది. దాని ప్రకారం స్త్రీకి 14వ ఏట నెలసరి మొదలై గర్భం ధరించే శక్తి వస్తుంది, 49వ ఏట ఆ శక్తి ముగుస్తుంది. పురుషుడికి ఈ శక్తి 16వ ఏట మొదలై 64వ ఏట ఉడుగుతుంది. స్త్రీకి సంబంధించిన లెక్క నేటి వైద్యం చెప్పే రజస్వల, ముట్లుడిగే వయసులకు దగ్గరగానే ఉంది. సంతానానికీ వయసుకూ ఉన్న సంబంధాన్ని ఈ సంప్రదాయం అంత తొందరగా పట్టుకుంది.

క్రీ.శ. మూడో శతాబ్ది ఆరంభంలో జాంగ్ జోంగ్‌జింగ్ చెప్పిన మందు యోగాల్లో స్త్రీల రుగ్మతలకు ప్రత్యేక భాగం ఉంది. అందులోని ‘వెన్ జింగ్ తాంగ్’ అనే కషాయాన్ని, పొత్తికడుపు చల్లబడి ఏళ్ల తరబడి గర్భం రాని స్త్రీలకు కూడా సూచించారు. ఈ కషాయం నేటికీ వాడుకలో ఉంది. అదే శతాబ్దంలో హువాంగ్‌ఫు మి సూదుల చికిత్సను ఒక క్రమంలో కూర్చి, ఏ బిందువు ఏ రుగ్మతకో వివరించాడు. సంతానలేమికి వాడే బిందువులు కూడా ఆ గ్రంథంలో ఉన్నాయి.

ఏడో శతాబ్దపు వైద్యుడు సున్ సిమియావ్ తన మహాగ్రంథంలో స్త్రీల వైద్యాన్ని ముందు భాగంలో పెట్టి, అందులోనూ సంతానం కోరే దంపతుల సమస్యతో మొదలుపెట్టాడు. పిల్లలు కలగకపోవడానికి భార్యాభర్తలిద్దరి అనారోగ్యమూ కారణమని రాసి, భర్తకు ఒక మందు, భార్యకు ఒక మందు చెప్పాడు. పిల్లలు లేరంటే కోడలినే తప్పుపట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. 1,300 ఏళ్ల కిందటే ఒక వైద్యుడు ఇలా ఇద్దరినీ చూడాలన్నాడంటే అది ఈ సంప్రదాయం గర్వించదగ్గ విషయం.

1237లో చెన్ జిమింగ్ స్త్రీల వైద్యం మీద సమగ్ర గ్రంథం కూర్చాడు. పదిహేడో శతాబ్దంలో జీవించిన ఫూ షాన్ పేరిట, ఆయన మరణించిన చాలాకాలానికి, 1827లో అచ్చయిన పుస్తకం సంతానలేమిని పది రకాలుగా విడదీసింది. బాగా చిక్కిపోయిన శరీరం, స్థూలకాయం, పొత్తికడుపు చల్లదనం, నడుము నొప్పి, మనసులోని అసూయ వంటివి అందులో కారణాలుగా కనిపిస్తాయి. మరీ తక్కువ బరువు, మరీ ఎక్కువ బరువు రెండూ అండం విడుదలను దెబ్బతీస్తాయని నేటి వైద్యం కూడా అంటుంది.

సూదుల వైద్యానికి మధ్యలో గడ్డుకాలం వచ్చింది. 1822లో చక్రవర్తి దావ్‌గ్వాంగ్ రాజవైద్య సంస్థలో ఆక్యుపంక్చర్‌ను నిలిపివేశాడు. 1930ల ప్రాంతంలో చెంగ్ దాన్ఆన్ లోహశాస్త్రం అందించిన సన్నని సూదులను వాడి, బిందువులను శరీర నిర్మాణశాస్త్రంతో సరిచూసి దీనికి కొత్త రూపం ఇచ్చాడు. ప్రజా చైనా ఏర్పడ్డాక ప్రభుత్వం సంప్రదాయ వైద్యాన్ని చేరదీసింది. 1956లో బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్‌దూ నగరాల్లో ఈ వైద్యానికి కళాశాలలు తెరిచింది. 1971లో అమెరికా పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్ బీజింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ తర్వాత తనకు చేసిన ఆక్యుపంక్చర్ గురించి రాసిన వ్యాసం ఈ వైద్యం వైపు పాశ్చాత్యుల దృష్టిని మళ్లించింది. 1988లో జాంగ్ లీజు అనే వైద్యురాలి ఆధ్వర్యంలో బీజింగ్‌లో చైనా ప్రధాన భూభాగపు తొలి ఐవీఎఫ్ శిశువు పుట్టింది. అప్పటినుంచి సంతానం కోసం వచ్చే దంపతులకు చైనా ఆస్పత్రుల్లో రెండు వైద్యాలూ పక్కపక్కనే అందుతున్నాయి.

సిద్ధాంతం

చైనా వైద్యంలో ‘మూత్రపిండం’ అంటే మూత్రాన్ని వడకట్టే అవయవం మాత్రమే అనుకోకూడదు. పుట్టుకతో వచ్చే సారాన్ని, అంటే ‘జింగ్’ను, దాచుకునే చోటు అది. పెరుగుదల, పునరుత్పత్తి, ముసలితనం అన్నీ ఆ సారం మీదే ఆధారపడి ఉంటాయి. రక్తం గర్భాశయాన్ని పోషిస్తుంది. ‘చీ’ అనే ప్రాణశక్తి ఆ రక్తాన్ని నడిపిస్తుంది. ‘చోంగ్’, ‘రెన్’ అనే రెండు మార్గాలు గర్భాశయాన్ని మిగతా శరీరంతో కలుపుతాయి.

ఈ వైద్యులు రోగం పేరు కన్నా రోగిలో కనిపించే లక్షణాల తీరును చూస్తారు. నాలుక రంగు, పూత చూసి, మణికట్టు దగ్గర నాడి పట్టి, నెలసరి రంగు, పరిమాణం, గడ్డలు, నొప్పి గురించి అడిగి ఒక నిర్ణయానికి వస్తారు. సంతానలేమిలో ఎక్కువగా చెప్పే తీరులు ఐదు. నడుము నొప్పి, కాళ్లూ చేతులూ చల్లబడటం, నెలసరి ఆలస్యం ఉంటే మూత్రపిండ శక్తి తగ్గిందంటారు. నెలసరికి ముందు రొమ్ముల నొప్పి, చిరాకు, నిట్టూర్పులు ఉంటే కాలేయంలో చీ స్తంభించిందంటారు. ముదురు రంగు గడ్డలు, పోటు నొప్పి ఉంటే రక్తం నిలిచిపోయిందంటారు. స్థూలకాయం, ఎప్పుడో గాని రాని నెలసరి ఉంటే కఫం, తేమ పేరుకున్నాయంటారు. పాలిపోయిన ముఖం, కొద్దిపాటి నెలసరి ఉంటే రక్తం చాలదంటారు. నిలిచిపోయిన రక్తపు తీరు ఎండోమెట్రియోసిస్‌ను (గర్భాశయపు లోపలి పొర బయట పెరిగే రుగ్మత), కఫపు తీరు పీసీఓఎస్‌ను (అండం విడుదల సరిగా జరగని హార్మోన్ల రుగ్మత) కొంత గుర్తుచేస్తాయి. అంతమాత్రాన ఆ తీరులూ ఈ రోగాలూ ఒకటే అనడానికి లేదు. లాపరోస్కోపీలో, అంటే పొట్టలోకి కెమెరా గొట్టం పంపి చేసే పరీక్షలో, కనిపించే పుండును నాడి పట్టి చెప్పలేరు.

చికిత్స విధానం

సూదులు స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసినవి, 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల మందంలో ఉంటాయి. ఒకసారి వాడి పారేసేవే నేటి ప్రమాణం. బిందువుల దూరాన్ని ‘త్సున్’ అనే కొలతలో చెబుతారు. రోగి బొటనవేలి వెడల్పు ఒక త్సున్, నాలుగు వేళ్ల వెడల్పు, అంటే మన బెత్తెడు, మూడు త్సున్లు. కొలత రోగి చేతిదే కావడం వల్ల ఏ శరీరానికి ఆ దూరం సరిపోతుంది.

బొడ్డుకు మూడు త్సున్ల కింద ఉండే ‘గ్వాన్‌యువాన్’, ఒకటిన్నర త్సున్ల కింద ఉండే ‘చీహాయ్’ బిందువులు గర్భాశయానికి శక్తినిస్తాయని నమ్ముతారు. కాలి లోపలి చీలమండకు బెత్తెడు పైన ఉండే ‘సాన్‌యిన్‌జియావ్’ స్త్రీల రుగ్మతలన్నిటికీ వాడే బిందువు. మోకాలి కింద ‘జుసాన్‌లీ’, పాదం మీద బొటనవేలికీ రెండో వేలికీ మధ్య ‘తాయ్‌చోంగ్’, నడుము మీద ‘షెన్‌షు’, నడినెత్తిన ‘బాయ్‌హుయ్’ కూడా తరచూ వాడతారు. సూదులను 20 నుంచి 30 నిమిషాలు ఉంచుతారు. కొన్నిచోట్ల సూదులకు చిన్న విద్యుత్ ప్రవాహం కలుపుతారు. చల్లదనం ఉందనుకున్నవారికి పొత్తికడుపు మీద మూలికల సెగ ఇస్తారు. ఈ సెగకు వాడే మొక్క, మనం వినాయక చవితి పత్రిలో వాడే మాచిపత్రి, రెండూ ఒకే ప్రజాతికి చెందినవి.

మూలికల్లో ‘దాంగ్‌గ్వీ’ వేరు ప్రధానమైనది. దాంగ్‌గ్వీ, బాయ్‌షావ్, చ్వాన్‌షియోంగ్, షుదీహువాంగ్ అనే నాలుగూ కలిపిన ‘సీ వు తాంగ్’ రక్తలేమికి ఇచ్చే పాత కషాయం. నిలిచిన రక్తాన్ని కదిలించడానికి కుసుమ పువ్వు, పీచ్ గింజల పప్పు వంటివి కలుపుతారు. మగవారికి ఐదు రకాల గింజలు, పండ్లు కలిపిన ‘వు జి యాన్ జోంగ్’ మాత్రలు ఇస్తారు. గోజీ పండ్లు అందులో ఒకటి.

నెలసరి చక్రాన్ని నాలుగు దశలుగా చూసి ఒక్కో దశకు ఒక్కో మందు మార్చే పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలో బలపడింది. నాన్‌జింగ్‌కు చెందిన షియా గ్వీచెంగ్ ఇందులో పేరున్న వైద్యుడు. నెలసరి రోజుల్లో రక్తం సాఫీగా పోయేలా, ఆ తర్వాత శరీరానికి పుష్టి కలిగేలా, నెల మధ్యలో అండం విడుదలయ్యేలా, చివరి దశలో గర్భాశయం వెచ్చగా ఉండేలా మందులు నడుస్తాయి. హార్మోన్ల గురించి ఆధునిక వైద్యం చెప్పిన క్రమాన్ని సంప్రదాయ సూత్రాలతో జోడించిన పద్ధతి ఇది.

ఐవీఎఫ్‌తో కలిపి చేసిన పరీక్షలు

సూదులు శరీరంలో ఏం చేస్తాయన్న దానికి కొన్ని వివరణలు ఉన్నాయి. 1996లో స్వీడన్‌కు చెందిన ఎలిసబెత్ స్టెనర్-విక్టోరిన్ బృందం పదిమంది స్త్రీలకు విద్యుత్ ఆక్యుపంక్చర్ చేసినప్పుడు గర్భాశయ ధమనుల్లో రక్తప్రవాహానికి అడ్డు తగ్గినట్టు చూపింది. సూదుల వల్ల మెదడులో ఎండార్ఫిన్లు పెరిగి పునరుత్పత్తి హార్మోన్లు ప్రభావితమవుతాయన్నది మరో వాదన. ఆందోళన తగ్గడం మూడోది.

2002లో జర్మనీకి చెందిన వోల్ఫ్‌గాంగ్ పౌలుస్ బృందం ప్రచురించిన పరీక్ష ప్రపంచమంతటా ఆశలు రేపింది. ఐవీఎఫ్ చేయించుకుంటున్న 160 మంది స్త్రీలలో సగం మందికి పిండాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టడానికి ముందు 25 నిమిషాలు, తర్వాత 25 నిమిషాలు సూదులు పెట్టారు. సూదులు పెట్టినవారిలో 42.5 శాతం మందికి, పెట్టనివారిలో 26.3 శాతం మందికి గర్భం వచ్చింది. ఎన్నో కేంద్రాలు ఈ పద్ధతిని అందిపుచ్చుకున్నాయి. 2008లో ఏడు పరీక్షలు, 1,366 మంది స్త్రీల వివరాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ కూడా అనుకూల ఫలితమే చెప్పింది.

అయితే పౌలుస్ పరీక్షలో సూదులు లేనివారు ఊరికే పడుకున్నారు. తమకు చికిత్స అందిందో లేదో వారికి తెలుసు. ఈ లోటు తీర్చడానికి ఉత్తుత్తి సూదులు వచ్చాయి. చర్మాన్ని తాకి పిడిలోకి ముడుచుకుపోయే ఈ సూది నిజంగా గుచ్చినట్టే అనిపిస్తుంది. 2009లో హాంగ్‌కాంగ్‌లో 370 మందిపై ఇలా జరిపిన పరీక్షలో అసలు సూదులు పెట్టినవారిలో 43.8 శాతం, ఉత్తుత్తి సూదులు పెట్టినవారిలో 55.1 శాతం గర్భం దాల్చారు. 2013లో కాక్రేన్ సంస్థ 20 పరీక్షలను సమీక్షించి, ఆక్యుపంక్చర్ వల్ల ప్రసవాల సంఖ్య పెరిగిందనడానికి ఆధారం లేదంది.

ఈ ప్రశ్నకు అత్యంత బలమైన జవాబు 2018లో వచ్చింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలోని 16 కేంద్రాల్లో కారొలిన్ స్మిత్ బృందం 848 మంది స్త్రీలతో పరీక్ష జరిపింది. అసలు సూదులు పెట్టినవారిలో 18.3 శాతం మందికి, ఉత్తుత్తి సూదులు పెట్టినవారిలో 17.8 శాతం మందికి బిడ్డలు పుట్టారు. రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంతకు ముందే, 2017లో, అమెరికా పునరుత్పత్తి వైద్య సంఘం తన మార్గదర్శకాల్లో పిండ బదిలీ సమయంలో చేసే ఆక్యుపంక్చర్ ప్రసవాల శాతాన్ని పెంచదని పేర్కొంది.

పీసీఓఎస్‌పై చైనా పరీక్ష

ఈ వైద్యం పుట్టిన దేశంలోనే దాన్ని నిష్పాక్షికంగా పరీక్షించినవారు హార్బిన్‌లోని చైనా వైద్య విశ్వవిద్యాలయ పరిశోధకులు. వు షియావోకె నాయకత్వంలో చైనా ప్రధాన భూభాగంలోని 21 కేంద్రాల్లో పీసీఓఎస్ ఉన్న 1,000 మంది స్త్రీలను నాలుగు వర్గాలుగా విడదీశారు. అసలు లేదా ఉత్తుత్తి ఆక్యుపంక్చర్, దానితో పాటు అండం విడుదలకు ఇచ్చే క్లోమిఫిన్ మాత్ర లేదా మందు లేని మాత్ర ఇచ్చారు. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 30 నిమిషాల చొప్పున, నాలుగు చక్రాల వరకు చికిత్స సాగింది.

2017లో వెలువడిన ఫలితాలివి. అసలు సూదులు, క్లోమిఫిన్ కలిపి తీసుకున్నవారిలో 29.4 శాతం మందికి బిడ్డలు పుట్టారు. ఉత్తుత్తి సూదులు, క్లోమిఫిన్ తీసుకున్నవారిలో ఇది 28 శాతం. అసలు సూదులు, మందు లేని మాత్ర తీసుకున్నవారిలో 13.9 శాతం. సూదీ మాత్రా రెండూ ఉత్తుత్తివే అయిన వర్గంలో 16.8 శాతం. క్లోమిఫిన్ ప్రసవాలను పెంచింది, సూదులు పెంచలేదు.

సంతానం కోసం ఏ చికిత్స చేయించుకునేవారైనా ఈ చివరి అంకెను గుర్తుంచుకోవాలి. పనిచేసే మందు ఏదీ తీసుకోని వంద మందిలో దాదాపు 17 మంది తల్లులయ్యారు. సంతానలేమి అని పేరు పడ్డ దంపతుల్లో చాలామందికి గర్భం రావడం ఆలస్యమవుతుందే తప్ప పూర్తిగా అసాధ్యం కాదు. ఆ నెలల్లో ఎవరు ఏ వైద్యం చేయించుకుంటే ఆ వైద్యానికే పేరు వస్తుంది. “ఆ డాక్టరు దగ్గరికెళ్లాకే మా అమ్మాయికి నెల తప్పింది” అన్న మాటలో అబద్ధం ఉండదు. కాని ఆ వైద్యం లేకపోతే ఏమయ్యేదో ఆ మాట చెప్పదు. పోల్చి చూసే వర్గం ఉన్న పరీక్షలు అవసరమయ్యేది ఇందుకే.

మూలికలపై పరీక్షలు

మూలికల మీద వందలకొద్దీ చిన్న పరీక్షలు అచ్చయ్యాయి. వాటిలో చాలా పరీక్షలు ఎవరికి ఏ మందు ఇచ్చారో దాచకుండా, కొద్దిమందితో జరిగాయి. వాటిని ఆధారం చేసుకుని నిర్ణయాలకు రాలేం. చైనాలోని ‘హువాంగ్‌లియాన్’ మూలికలో, మన మాను పసుపులో ఉండే బెర్బెరిన్ అనే రసాయనాన్ని మాత్రం కట్టుదిట్టంగా పరీక్షించారు. 644 మంది పీసీఓఎస్ స్త్రీలలో అండం విడుదలకు ఇచ్చే లెట్రోజోల్ మాత్ర తీసుకున్నవారిలో 36 శాతం, బెర్బెరిన్ మాత్రమే తీసుకున్నవారిలో 22 శాతం, రెండూ తీసుకున్నవారిలో 34 శాతం ప్రసవించారు. లెట్రోజోల్‌కు బెర్బెరిన్ అదనంగా ఏమీ చేర్చలేదు.

చైనా మూలికా గ్రంథాల్లో విలువైన మందులు లేవని దీని అర్థం కాదు. ప్రాచీన గ్రంథాల సాయంతో మలేరియా మందు ఆర్టెమిసినిన్‌ను కనుగొన్న తు యోయోకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. పరీక్షకు నిలిచినందునే ఆ మందు ప్రపంచానికంతటికీ అందింది. సంతానలేమి మూలికలకూ అదే కొలబద్ద వర్తిస్తుంది.

భద్రత

శిక్షణ ఉన్నవారు కొత్త సూదులతో చేస్తే ఆక్యుపంక్చర్ చాలావరకు సురక్షితం. కొద్దిగా రక్తం రావడం, చర్మం కమిలిపోవడం, కళ్లు తిరగడం వంటివి రావచ్చు. ఛాతీ మీద లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి గాయమయ్యే ప్రమాదం అరుదుగా ఉంది. చేతి మీది ‘హెగు’, కాలి మీది ‘సాన్‌యిన్‌జియావ్’ బిందువులను గర్భిణికి గుచ్చకూడదని సంప్రదాయమే చెబుతుంది. అందువల్ల గర్భం వచ్చిందన్న అనుమానం ఉన్నా ముందే వైద్యుడికి చెప్పాలి.

మూలికల విషయంలో ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. 1990ల మొదట్లో బెల్జియంలోని ఒక బరువు తగ్గించే కేంద్రంలో చైనా మూలికలు తీసుకున్న స్త్రీలకు మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఒక మూలికకు బదులు అరిస్టలోకియా ప్రజాతి మొక్క కలవడమే దానికి కారణమని తేలింది. అందులోని అరిస్టలోకిక్ ఆమ్లం మూత్రనాళాల క్యాన్సర్‌కూ దారితీస్తుంది. మన పల్లెల్లో వాడే ఈశ్వరి వేరు కూడా ఇదే ప్రజాతిది. కీళ్ల నొప్పులకు ఇచ్చే ‘లెయ్ గోంగ్ తెంగ్’ అనే చైనా మూలిక పురుషుల్లో వీర్యకణాలను తగ్గిస్తుంది, స్త్రీలలో నెలసరిని ఆపేస్తుంది. దాంగ్‌గ్వీ, రక్తం పలచబరిచే వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం పెరగవచ్చు. రక్తాన్ని కదిలించే మూలికలు తొలి వారాల గర్భానికి మంచివి కావు.

భారతదేశంలో

జపాన్ దాడికి గురైన చైనాకు సాయంగా 1938లో ఐదుగురు భారతీయ వైద్యుల బృందం వెళ్లింది. ద్వారకానాథ్ కోట్నీస్‌తో పాటు అందులో ఉన్న బి.కె. బసు 1958లో మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని, తిరిగొచ్చి కలకత్తాలో దాన్ని ఆచరణలో పెట్టారు. పశ్చిమ బెంగాల్ 1996లో దీనికి ప్రత్యేక చట్టం చేసింది. కేంద్ర ప్రభుత్వం 2019లో ఆక్యుపంక్చర్‌ను స్వతంత్ర చికిత్సా విధానంగా గుర్తించింది. ఐవీఎఫ్ కేంద్రాలు మాత్రం 2021లో వచ్చిన సహాయక పునరుత్పత్తి చట్టం పరిధిలోకి వస్తాయి.

అంచనా, సూచనలు

నాడి పట్టి, అరగంట కూర్చుని, ఓపిగ్గా మాట్లాడే వైద్యం సంతానం కోసం అలసిపోయిన మనసుకు ఊరట ఇస్తుంది. కొన్ని పరీక్షల్లో ఆక్యుపంక్చర్ తర్వాత ఆందోళన తగ్గినట్టు స్త్రీలు చెప్పారు. ఆ ఊరట విలువైనదే. దాన్ని ఊరటగానే చూసి ఖర్చు పెట్టుకునేవారిని తప్పుపట్టనక్కర్లేదు. బిడ్డ పుడుతుందని హామీ ఇచ్చి డబ్బు తీసుకోవడం మాత్రం తప్పు.

ఏడాదిపాటు ప్రయత్నించినా గర్భం రాకపోతే, భార్య వయసు 35 దాటి ఉంటే ఆరు నెలలకే, దంపతులిద్దరూ పరీక్షలు చేయించుకోవాలి. దాదాపు సగం జంటల్లో పురుషుడి వైపు కారణం కూడా ఉంటుంది. వీర్య పరీక్ష సులువైనది, చవకైనది. దాన్ని వాయిదా వేసి భార్యకే ఏళ్ల తరబడి మందులు వాడటం అన్యాయం. అండవాహికలు మూసుకుపోయినా, వీర్యకణాలు లేకపోయినా సూదులతో సరిచేయలేరు. ఆ విషయం ఆలస్యంగా తెలిస్తే చేజారేది వయసు. ఆక్యుపంక్చర్ కావాలనుకునేవారు ఆధునిక చికిత్స ఆపకుండా తోడుగా తీసుకోవచ్చు. మింగే ప్రతి మూలిక పేరునూ తమకు చికిత్స చేస్తున్న సంతాన వైద్యులకు చెప్పాలి. పేరు చెప్పని పొడులు, కషాయాలు ఎవరిచ్చినా తీసుకోకూడదు. అన్నిటికన్నా ముందు, సున్ సిమియావ్ ఏడో శతాబ్దంలోనే చెప్పినట్టు, వైద్యుడి దగ్గరికి భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లాలి.